దేవుడి పేరుతో మొదలైన ఉత్తరాలు

లక్ష్మీప్రసన్న పనిచేసే గదికి కిటికీ లేదు. ఏసీ ఉంది. అది కూడా ఆమె కోసం కాదు, మూలన నిలబెట్టిన మెయిల్ సర్వర్ కోసం. పంతొమ్మిదేళ్లుగా ఆ చల్లదనంలో ఆమె పక్కవాటాలో అద్దెకున్నట్టు ఉంటోంది. జూన్ నెలలో రాజమండ్రి అంతా పెనంలా కాలుతుంటే ఆమె భుజాల మీద శాలువా కప్పుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం అన్నానికి బయటికొస్తే ఎండ కళ్లలో పొడుస్తుంది. తిరిగి లోపలికెళ్తే చలి మోకాళ్లలో దూరుతుంది. నలభై ఏడేళ్ల ఒంటికి రోజూ ఈ రెండు రుతువుల మధ్య తిరగడమే చాలనిపిస్తుంది.

కళాశాల వర్తక సంఘం వారి ట్రస్టుది. ఆడపిల్లల డిగ్రీ కాలేజీ, దాని వెనక హాస్టలు. కాలేజీకి సొంత మెయిల్ సర్వర్ ఉండటం ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. ఇప్పుడది పాత ఇళ్లలో గోడగడియారం లాంటిది. ఆగితేనే గుర్తొస్తుంది.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నది. బయటినుంచి వచ్చే ఉత్తరాల్లో చెత్తను ఆపాలి, మంచిని వదలాలి. రోజుకు వెయ్యి వస్తే ఏడు వందలు చెత్తే. లాటరీ తగిలిందని ఒకటి, ఖాతా మూసేస్తామని ఒకటి, నెలలో ఒళ్లు తగ్గిస్తామని ఒకటి. వాటిని ఆపినందుకు ఎవరూ ఎన్నడూ ఆమెను మెచ్చుకోలేదు. రానిదాన్ని ఎవరు చూస్తారు? ఒక్క మంచి ఉత్తరం రాకపోతే మాత్రం కాలేజీ మొత్తానికి ఆమె పేరు గుర్తొస్తుంది.

ఆమె తండ్రికి మెయిన్ రోడ్డు వెనక సందులో కిరాణా కొట్టు ఉండేది. స్కూలు లేని రోజుల్లో రవ్వ జల్లించడం ఆమె పని. జల్లెడ కన్ను పెద్దదైతే రాయి దిగుతుంది, చిన్నదైతే రవ్వ ఆగిపోతుంది, రెంటికీ మధ్య ఉండేదే వ్యాపారం అనేవాడాయన. తర్వాత కంప్యూటర్ కోర్సుల్లో ఆమె నేర్చుకున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

జూన్ పదిహేడున ఉదయం పదిన్నరకి ప్రిన్సిపాల్ రమాదేవి గారు పిలిపించారు. గదిలో ఒక తల్లీ కూతురూ నిలబడి ఉన్నారు. తల్లి కుర్చీలో కూర్చోనంటోంది. కూతురి చేతిలో నాలుగు మడతలు పెట్టి విప్పిన కాగితం ఉంది.

"మీరు పంపారు, కాదనను," అంటోంది రమాదేవి. "మాకు అందితే కదమ్మా వరసలో పెట్టేది."

"అందకుండా ఎక్కడికి పోద్దండి?" అంది తల్లి. "గోదాట్లో కాయితం పడేసినా ధవళేశ్వరం ఆనకట్ట కాడ తేలుద్దండి. ఇదెక్కడ తేలిందో చెప్పండి, ఎళ్లి తెచ్చుకుంటాం."

ఆమె సుబ్బాయమ్మ. పట్టిసీమలో చేపలమ్ముతుంది. భర్త వలకెళ్తాడు. కూతురు అశ్వినికి ఇదే కాలేజీలో బీయస్సీలో సీటొచ్చింది. రానిది హాస్టల్లో మంచం. ట్రస్టు ఆ హాస్టల్లో ఇరవై నాలుగు మంచాలు ఉచితంగా ఇస్తుంది. కిందటేడు కౌంటర్ దగ్గర ఎవరు ముందొచ్చారన్న దాని మీద జుట్లు పట్టుకునేదాకా వెళ్లడంతో, ఈ ఏడు దరఖాస్తులు మెయిల్లోనే పంపమన్నారు. జూన్ రెండు ఉదయం తొమ్మిది నుంచి ఏ ఉత్తరం ముందు చేరితే వాళ్లకి ముందు. గడియారానికి బంధువులుండరు కదా అన్నారు ట్రస్టు పెద్దలు.

అశ్విని కాగితం చాపింది. పట్టిసీమలో రాముడనే ఆయన నడిపే నెట్ సెంటర్ నుంచి పంపిన మెయిలు, దాని ప్రింటు. జూన్ రెండు, పదకొండూ ఇరవై. చేరాయని కాలేజీ నుంచి జవాబు వెళ్లిన దరఖాస్తులు ముప్పై మూడు. వాటిలో ఇది లేదు.

"రోజూ రాలేవా అమ్మా?" అని అడిగింది లక్ష్మీప్రసన్న.

"తాళ్లపూడి, కొవ్వూరు మీదుగా రెండు బస్సులండి," అంది అశ్విని. "ల్యాబ్ తొమ్మిదింటికండి. మొదటి బస్సెక్కినా పదవుద్ది. మంచం రాకపోతే టీసీ తీసేసుకోమన్నాడండి మా నాన్న."

ఆ మాట ఏడుపు లేకుండా చెప్పింది. అంతకుముందే ఎక్కడో ఏడ్చేసి వచ్చినట్టుంది.

"నాలుగింటికి లిస్టు బోర్డు మీద పెట్టాలి ప్రసన్నా," అంది రమాదేవి. "ఈలోగా చూసి చెప్పు. వచ్చిందో, రాలేదో. రాకపోతే రాలేదని రాసి సంతకం పెట్టు. ఆ సర్వర్ పీకించేద్దామని ట్రస్టు వాళ్లు ఇప్పటికే నా ప్రాణం తీస్తున్నారు."

లిస్టు నకలు ఒకటి లక్ష్మీప్రసన్న చేతిలో పెట్టింది. చూడకుండానే ఆమెకు తెలుసు, ఇరవయ్యో పేరు శ్రీదివ్య. భర్త చెల్లెలు బేబీ కూతురు, కోరుకొండ పిల్ల. రెండు రోజుల కిందట ఈ లిస్టు చూసి, చెప్పకూడదని తెలిసీ, బేబీకి ఫోన్ చేసి చెప్పింది. చెప్పి తేలికపడింది. మంచం రాకపోతే ఆ పిల్ల తమ ఇంట్లోనే ఉంటుందని భర్త ఉదయ్‌భాస్కర్ ముందే అనేశాడు. దానవాయిపేటలో వాళ్లది రెండు గదుల వాటా. అతనికి షిఫ్టు పని, పగలు లోపలి గదిలో నిద్రపోతాడు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అతను లేచేదాకా ఒక గంట ఉంటుంది. ముందు గదిలో మంచం మీద కాఫీ గ్లాసుతో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆ గంటలో ఎవరూ ఆమెను ఏమీ అడగరు. రోజులో ఆమెకు మిగిలేది ఆ గంటే. ఆ గంట పోతుందేమోనని భయపడ్డానని ఆమె ఎవరికీ చెప్పలేదు. అలాంటి భయాలు చెప్పుకోవడానికి బాగోవు.

తల్లీ కూతుళ్లను తన గదికి తీసుకెళ్లింది. తలుపు తెరవగానే సుబ్బాయమ్మ చేతులు కట్టుకుంది.

"ఐసు ఫ్యాక్టరీలా ఉందేంటండీ! చేపలు పెట్టుకుంటే నాలుగు రోజులు నిలవుంటాయి."

"నేను పంతొమ్మిదేళ్ల నుంచి నిలవున్నానమ్మా," అంది లక్ష్మీప్రసన్న.

మొదట లాగ్ తెరిచింది. సర్వర్ గడప తొక్కిన ప్రతి ఉత్తరం గురించీ అందులో ఒక గీత ఉంటుంది. ఎక్కడినుంచి, ఎన్ని గంటలకు, ఏమైంది. జూన్ రెండో తారీఖు దగ్గరికి వెళ్లింది. తొమ్మిదిన్నర, పది, పదిన్నర. గీతలు వానచుక్కల్లా కిందికి జారుతున్నాయి. పదకొండూ ఇరవై దగ్గర ఆగింది.

"వచ్చింది," అంది.

అశ్విని తల్లి చేయి పట్టుకుంది.

"వచ్చింది కానీ లోపలికి రానివ్వలేదు. గుమ్మం దగ్గర ఫిల్టర్ ఆపేసింది. ప్రతి ఉత్తరానికీ మార్కులేస్తుంది అది. ఆరు దాటితే చెత్త. నీ ఉత్తరానికి తొమ్మిది పైన వేసింది."

"ఇంటర్లో కూడా రాలేదు దీనికన్ని మార్కులు," అంది సుబ్బాయమ్మ.

ఎందుకు వేసిందో తెలియాలి. కారణం లేకుండా ఆపిన ఉత్తరాన్ని వదిలితే, రేపు మరొకటి ఆగుతుంది. ముందు పంపిన చోటును అనుమానించింది. రాముడి నెట్ సెంటర్ చిరునామా ఏ నల్ల జాబితాలోనైనా ఉందా అని వెతికింది. లేదు. తర్వాత సర్టిఫికెట్ల స్కాన్లను అనుమానించింది. పెద్ద బొమ్మలున్న ఉత్తరాలంటే ఫిల్టర్‌కి పడదు. వాటిని తీసేసి అదే ఉత్తరాన్ని మళ్లీ జల్లెడలో వేసి చూసింది. అర మార్కు తగ్గింది, అంతే. సెట్టింగుల ఫైలు మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివింది. పన్నెండున్నర అయింది. తల్లీ కూతుళ్లను వరండాలో కూర్చోమంది. సుబ్బాయమ్మ వెళ్లింది. అశ్విని మాత్రం వెళ్లలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

ఇలాంటప్పుడు లక్ష్మీప్రసన్న చేసే పని ఒకటుంది. తన ఫోన్ నుంచి, బయటి చిరునామాతో, ఒక ఖాళీ ఉత్తరం పంపుకుంటుంది. మంచి నీళ్లు పోసి గొట్టం ఎక్కడ మూసుకుపోయిందో చూసినట్టు. 'పరీక్ష కోసం' అని రాసి, కింద 'ఇట్లు, లక్ష్మీ ప్రసన్న' అని పెట్టి పంపింది.

అది కూడా ఆగిపోయింది. ఆరు పాయింట్ మూడు.

ఇంకోటి పంపింది. ఈసారి పేరు తీసేసి రెండు పొడి అక్షరాలు పెట్టింది. అది చల్లగా లోపలికొచ్చి ఇన్‌బాక్స్‌లో కూర్చుంది.

"నా పేరు చూసి ఆపింది," అంది, పైకే.

అశ్విని దగ్గరికొచ్చింది. "అదేంటండీ మేడమ్? మీదేగా ఈ మిషను?"

"నాదే."

ఫిల్టర్‌కి ఒక జ్ఞాపకం ఉంటుంది. మనుషులు చెత్త అని పక్కన పడేసిన ఉత్తరాల్లో ఏ మాటలు ఎక్కువున్నాయో రోజూ నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్న మాటలకు నాలుగేళ్ల కిందట ఆమే బరువు పెంచింది. లాటరీ ఉత్తరాలు వరదలా ముంచెత్తిన రోజులవి. ఇప్పుడా జ్ఞాపకంలో అన్నిటికంటే చెడ్డ మాటలేవో వరసగా చూపించమంది. తెర మీద జాబితా దిగింది.

నరసింహ. లక్ష్మీ. స్వామి. ప్రసన్న. శ్రీ. కృప. వీరభద్ర. సత్యనారాయణ. వెంకట. దివ్య. మంగళం. వీటన్నిటి తర్వాత, ఇరవై రెండో స్థానంలో, లాటరీ.

అశ్విని తన ప్రింటు విప్పింది. పైన సెంటర్ పేరు, శ్రీ వీరభద్ర ఆన్‌లైన్ సర్వీసెస్. దాని కింద రాముడు ప్రతి దరఖాస్తుకీ అలవాటుగా పెట్టే మాట, శ్రీ వీరభద్రస్వామి వారి కృప. ఆ కింద తండ్రి పేరు, వీర వెంకట సత్యనారాయణ, విడివిడిగా.

"మీ నాన్నగారి పేరొక్కటే చాలమ్మా," అంది లక్ష్మీప్రసన్న.

అప్పుడే లోపలికొచ్చిన సుబ్బాయమ్మకి కూతురు విషయం చెప్పింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ మనిషిని గుమ్మంలోకి రానీకూడదని నేను పద్దెనిమిదేళ్ల నుంచీ అంటున్నానండి. మిషను ఒక్క చూపులో కనిపెట్టేసింది."

ముగ్గురూ నవ్వారు. లక్ష్మీప్రసన్న నవ్వు ముందుగా ఆగింది. దేవుళ్లను చెత్త అని దీనికి ఎవరు నేర్పారు? చూస్తే, నేర్పిన ఉత్తరాలన్నీ ఒకే పెట్టె నుంచి వచ్చాయి. ఆఫీసు పెట్టె. అంటే సూపరింటెండెంట్ గోపాలకృష్ణమూర్తి గారు.

ఆయనకి అరవై మూడేళ్లు. రిటైరైనా ట్రస్టు వాళ్లు వదల్లేదు. పొద్దున్నే తడి గుడ్డతో కంప్యూటర్ తెర తుడిచి, అంచుకి చిటికెడు కుంకుమ పెట్టి, అప్పుడు స్విచ్ వేస్తారు. ఆమె వెళ్లేసరికి మజ్జిగన్నం తిని చేయి కడుక్కుంటున్నారు.

"గోపాలకృష్ణమూర్తి గారూ, పొద్దున్నే మీకు దేవుడి బొమ్మల మెయిళ్లు వస్తాయా అండి?"

"రాకేమమ్మా! ట్రస్టు మెంబర్లు ముప్పై ఒక్క మంది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, శనివారం వెంకన్నబాబు. కోరుకొండ తీర్థానికైతే ఒక్క రోజులో నలభై మంది నరసింహస్వాములు వేంచేశారు. వాళ్లకి వాట్సాప్ చాలదు, మెయిల్లోనూ పంపాలి."

"వాటిని మీరేం చేస్తారండి?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "ఉంచుకుంటే పెట్టె నిండిపోతుందని నువ్వే కదా అన్నావు. తీసేద్దామని నొక్కితే చెత్తబుట్ట బొమ్మ వస్తుంది. నరసింహస్వామిని చెత్తబుట్టలో వేస్తామా అమ్మా? నాకు చేతులు రాలేదు. చూస్తే పక్కనే మంట బొమ్మ ఉంది."

తెర మీద వేలు పెట్టి చూపించారు. చిన్న ఎర్రటి మంట. ఇది చెత్త ఉత్తరం అని ఫిల్టర్‌కి చెప్పే గుర్తు అది. దాని కింద ఇంగ్లీషులో రాసే ఉంది.

"రాసింది నేను చూడలేదు, బొమ్మే చూశాను," అన్నారాయన. "ఇంట్లో పటం పాతబడితే ఏం చేస్తాం? గోదాట్లో కలుపుతాం. కుదరకపోతే అగ్నికి ఇస్తాం. ఇక్కడ గోదారి బొమ్మ లేదు. అందుకని అగ్నికి ఇచ్చాను. ఊరికే నొక్కలేదమ్మా, ఒక్కోదానికీ దణ్ణం పెట్టుకునే నొక్కాను."

ఆ మంట వెనక పెట్టెలో నాలుగు వేల నూట పదహారు ఉత్తరాలున్నాయి. ఏళ్ల తరబడి, రోజుకు కొన్ని, ప్రేమగా, భక్తిగా. ప్రతి అర్ధరాత్రీ ఫిల్టర్ ఆ పెట్టె తెరిచి పాఠం చదువుకుంది. ట్రస్టు వాళ్ల ఉత్తరాలను మాత్రం ఆపకూడదని ముందే ఏర్పాటుంది కాబట్టి అవి వస్తూనే ఉన్నాయి. అలా చదువుకోమని దానికి చెప్పిందీ, చెప్పినట్టు ఎవరికీ చెప్పనిదీ లక్ష్మీప్రసన్నే. కోపం తెచ్చుకుందామని చూసింది. ఎక్కడ వెతికినా దొరకలేదు.

విషయం చెప్పింది, వీలైనంత మెల్లగా. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే దేవుడంటే చెత్త అని నేను నేర్పానా దానికి?"

"మీరు నేర్పలేదండి. అది అలా అర్థం చేసుకుంది. నేనూ చూసుకోలేదు."

"ఆ పిల్ల సంగతేంటి?"

"దొరికిందండి ఉత్తరం."

"దొరికిందా," అన్నారు. మళ్లీ అన్నారు, "దొరికిందా." తర్వాత చాలా నెమ్మదిగా, "మరి వీటినెక్కడ పెట్టను? చెత్తబుట్టలో వద్దు, మంటలో వద్దంటే?"

ఆమె ఒక కొత్త ఫోల్డర్ తెరిచి ఏం పేరు పెట్టమంటారని అడిగింది. ఆలోచించి, పూజామందిరం అని పెట్టమన్నారు. నాలుగు వేల నూట పదహారింటినీ ఒక్కసారిగా అందులోకి లాగేసింది. ఆ సమయంలో ఆయన కళ్లు మూసుకున్నారు.

తిరిగొచ్చి ఫిల్టర్ జ్ఞాపకాన్ని చెరిపేసింది. అన్నేళ్ల చదువు పోవడానికి పదకొండు సెకన్లు పట్టింది. బరువు తగ్గించింది. తన పేరుతో ఉత్తరం పంపి చూసింది. వచ్చింది. తల్లీ కూతుళ్లను అన్నం తిని రమ్మని క్యాంటీన్‌కి పంపింది. అప్పుడు, సర్వర్‌లో ఆపిన ఉత్తరాలుండే పెట్టె తెరిచింది.

అశ్విని ఉత్తరం ఒక్కటే అనుకుంది. తొమ్మిదున్నాయి.

గూటాల, పోలవరం, బొబ్బర్లంక. అన్నీ ఏటి ఒడ్డు ఊళ్లే, అన్నీ నెట్ సెంటర్ల నుంచే. శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న అని ఒకటి, ఓం నమో వెంకటేశాయ అని ఒకటి, అమ్మవారి దయ వలన అని ఒకటి. పట్నం పిల్లలు 'రెస్పెక్టెడ్ మేడమ్' అని మొదలుపెట్టి సాఫీగా లోపలికొచ్చారు. దేవుడికి చెప్పుకుని వచ్చినవాళ్లు గుమ్మం బయట ఉండిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది ఇళ్లలో ఎవరూ బస్సెక్కి వచ్చి అడగలేదు. రాలేదంటే మనకి రాసిపెట్టి లేదనుకునే ఇళ్లు అయ్యుంటాయి.

కాగితం మీద వరస వేసింది. అశ్విని ఒక్కదాన్నే కలిపితే పదకొండో పేరు అవుతుంది. శ్రీదివ్య ఇరవై నుంచి ఇరవై ఒకటికి దిగుతుంది. మంచాలు ఇరవై నాలుగు. ఎవరికీ ఏమీ కాదు. అడగడానికి వచ్చిన పిల్ల నవ్వుతూ వెళ్తుంది.

తొమ్మిదినీ కలిపితే, ఐదుగురు శ్రీదివ్య కంటే ముందు చేరినవాళ్లు. శ్రీదివ్య ఇరవై అయిదు అవుతుంది.

సర్వర్ ఫ్యాన్ తిరుగుతోంది. దాని చప్పుడు ఆమెకు ఎప్పుడూ వినిపించదు, ఆ క్షణం వినిపించింది. గదిలో ఎవరూ లేరు. ఎనిమిది ఉత్తరాలను అలాగే ఉంచేస్తే ఇంకో పదిహేను రోజులకి అవే చెరిగిపోతాయి. ఈ సంగతి తెలిసేది ఆమెకొక్కదానికే. ముందు గది కళ్ల ముందు కదిలింది. సాయంత్రపు కాఫీ, చాపిన కాళ్లు, ఎవరూ పిలవని ఆ గంట.

ఆ గంటలో కూర్చుని తను ఏం ఆలోచిస్తుందో కూడా కనిపించింది. గూటాల, పోలవరం, బొబ్బర్లంక. రోజూ వరసగా. అబద్ధాన్ని దాచిపెట్టాలన్నా రోజూ కాపలా కాయాలి. ఇప్పటికే ఒక గుమ్మానికి కాపలా కాస్తోంది. రెండోదానికి ఓపిక లేదు.

తొమ్మిదినీ ఎంచుకుని వదిలేసింది. ఒకటొకటిగా అవి ఇన్‌బాక్స్‌లో దిగాయి, ప్రతిదాని పక్కనా అది మొదట చేరిన తేదీ, వేళ.

రమాదేవి లాగ్ కాగితాలు తిరగేసి ముఖం చిట్లించింది. "ఒక్క పిల్ల కదా వచ్చి అడిగింది. అడగనివాళ్లని కూడా ఎందుకు తెచ్చావు ప్రసన్నా?"

"వాళ్లూ టైముకే వచ్చారండి."

"పాత లిస్టులో ఐదుగురు వెయిటింగ్‌లోకి పోతారు. వాళ్లకి ఏం చెప్తాం?"

"వాళ్లకింకా ఎవరూ చెప్పలేదండి." ఆగి, "ఒక్కళ్లకి తప్ప. అది నేను చెప్పాను. నేనే చూసుకుంటాను," అంది.

రమాదేవి ఆమెను చూసింది, లిస్టు చూసింది, ఆ ఒక్కళ్లు ఎవరో పోల్చుకుంది. కొత్త లిస్టు మీద సంతకం పెట్టింది. మూడూ నలభై అయింది.

వరండా చివర వేపచెట్టు నీడ వరకు నడిచి, లక్ష్మీప్రసన్న కోరుకొండకి ఫోన్ చేసింది.

"వదినా! ఇప్పుడే పిల్లకి బకెట్టూ మగ్గూ కొన్నాను," అంది బేబీ. "ఏం రంగో చెప్పుకో."

"బేబీ, నీతో ఒక మాట చెప్పాలి. లిస్టు మారింది. శ్రీదివ్యది వెయిటింగ్‌లో మొదటి పేరు."

"మొన్న ఇరవై అన్నావు కదా?"

"అన్నాను. అప్పటికి తొమ్మిది ఉత్తరాలు మిషన్‌లో ఇరుక్కుని ఉన్నాయి. వాటిలో ఐదు మనకంటే ముందువి."

"ఎవరు తీశారు వాటిని?"

"నేనే."

అవతల బస్సు హారన్ వినిపించింది. ఎవరో కొబ్బరిబొండాల బేరమాడుతున్నారు.

"బాగుంది వదినా. నీ మొగుడి మేనకోడల్ని నీ చేత్తోనే దింపావన్నమాట. ఊరంతా చెప్పుకున్నాను, మా వదిన ఉండగా మాకేంటని. అన్నయ్యకి తెలుసా?"

"పడుకున్నారు. లేచాక చెప్తాను."

"ఏమంటాడో చూడు. నా సంగతి సరే, పిల్లకి నేనేం చెప్పను? సంచీ సర్దేసుకుంది."

"సర్దుకున్న సంచీ విప్పొద్దని చెప్పు," అంది లక్ష్మీప్రసన్న. "మా ఇంటికి పంపించు. ముందు గదిలో ఉంటుంది."

బేబీ గొంతులో ఇందాకటి పదును లేదు.

"ముందు గదిలోనా? సాయంత్రం పూట అక్కడ నువ్వు కూర్చుంటావుగా."

తనకొక్కదానికే తెలుసనుకున్న సంగతి కోరుకొండలో కూడా తెలుసు. లక్ష్మీప్రసన్నకి ఒక్కసారిగా కళ్లు చెమర్చాయి. ఎండ వల్లే అనుకుంది.

"ఇద్దరం కూర్చుంటాంలే. ఆ బకెట్టు కూడా పంపు, మాది పగిలింది."

"నీ మీద నాకింకా కోపం పోలేదు," అంది బేబీ.

"తెలుసు. సోమవారం పంపు."

నాలుగింటికి ఆమే వెళ్లి బోర్డుకి లిస్టు అతికించింది. గుండుసూదులు మూడే ఉన్నాయి, నాలుగో మూల గాలికి లేస్తుంటే చేత్తో పట్టుకుని నిలబడింది. అశ్విని వేలు పై నుంచి దిగుతూ పదకొండు దగ్గర ఆగింది. సుబ్బాయమ్మకి చదవడం రాదు. కూతురి వేలునే చూస్తోంది.

"ఉందా?"

"ఉందమ్మా."

"నిజంగా ఉందా, నా కోసం అంటున్నావా?"

"ఉందే!"

సుబ్బాయమ్మ లక్ష్మీప్రసన్న వైపు తిరిగింది. "ఏటికి ఎర్రనీరొచ్చాక మీకు పులస తెచ్చిస్తానండి. మాట." ఆమె ముఖం చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, మీరు తినరు కదూ! ఇంకేం తెచ్చేదండి నేను? మా ఇంట్లో ఇంకేం ఉండవు."

"ఏమీ వద్దమ్మా. బస్సు టైమైపోతోంది మీకు."

అశ్విని వేలు ఇంకా దిగుతూనే ఉంది. పదిహేడు దగ్గర మళ్లీ ఆగింది. "మేడమ్, ఇది గూటాల రత్నమాణిక్యం కదండీ! నాతో ఇంటర్ చదివింది. ఉత్తరం రాలేదనుకుని ఊరుకుందండి. నిన్న ఫోన్ చేస్తే కుట్టు మిషన్ నేర్చుకోవడానికి వెళ్తానంది. చెప్పనా అండి?"

"చెప్పమ్మా."

ఫోన్ మోగింది. అశ్విని గట్టిగా మాట్లాడుతోంది. నీ పేరుందే అంటోంది, పదిహేడే అంటోంది, ఒట్టే అంటోంది. అవతల నమ్మడం లేదు. చివరికి విసుగొచ్చి ఫోన్ లక్ష్మీప్రసన్న చేతికిచ్చింది. "మీరు చెప్పండి మేడమ్. నేను ఆటపట్టిస్తున్నాననుకుంటోంది."

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల నుంచి ఒక సన్నని గొంతు, "మా ఉత్తరం రాలేదు కదాండి?" అని అడిగింది.

"వచ్చిందమ్మా," అంది లక్ష్మీప్రసన్న. "రెండో తారీఖునే వచ్చింది."